వగరు తెలిసిన నాలుకకు డార్జిలింగ్

తెల్లని పింగాణీ కప్పు. అడుగు కనిపించేంత పలుచగా, లేత బంగారు రంగులో నీళ్లు. పాలు లేవు, పంచదార లేదు. డార్జిలింగ్ చౌరస్తా చుట్టుపక్కల టీ దుకాణాల్లో ఈ కప్పు మొదటిసారి ముందుకొచ్చినప్పుడు తెలుగు పర్యాటకుడి మొహంలో కనిపించేది ఆనందం కాదు, అనుమానం. "భయ్యా, దీన్ని ఇంకాస్త మరిగిస్తారా?" అని వచ్చీరాని హిందీలో అడుగుతాడు. ఇలాంటి వారిని రోజూ చూసే దుకాణదారుకి అది కొత్త కాదు. "ముందు తాగి చూడండి సర్. నచ్చకపోతే పాలు పోయిస్తాను" అంటాడు.

ఆ అనుమానంలో తప్పేమీ లేదు. తెలుగువాడు టీలో వెతికేవి మూడే: రంగు, రుచి, చిక్కదనం. ఇంట్లో అయితే అల్లం దంచి వేసి, పాలు రెండు పొంగులు వచ్చేదాకా కాచాలి. హైదరాబాద్ ఇరానీ హోటల్లో అయితే డికాషన్ సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గాలి, దాని మీద చిక్కగా కాగిన పాలు పడాలి. వీటన్నిటికీ ప్రాణం సీటీసీ గుళికలు, డస్టు. 1930ల్లో అస్సాంలో పుట్టిన సీటీసీ పద్ధతిలో పళ్ల రోలర్ల మధ్య ఆకు నలిగి, చీలి, గుళికల్లా చుట్టుకుపోతుంది. అలాంటి పొడి నుంచి నిమిషాల్లో ముదురు రంగు దిగుతుంది. ఎన్ని పాలు పోసినా తట్టుకుంటుంది. చవక. దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం ఇదే. కోట్లాది ఇళ్లకు టీ అలవాటు చేసిందీ ఇదే. కాబట్టి దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ముసురు పట్టిన సాయంత్రం మిరపకాయ బజ్జీ ముందు డార్జిలింగ్ నిలవదు. అక్కడ అల్లం టీయే గెలుస్తుంది.

అయితే డార్జిలింగ్ కప్పుకు ఆ కొలత పనికిరాదు. చిక్కదనం వెతికితే అందులో ఏమీ దొరకదు. పాలు పోస్తే ఉన్నది కూడా పోతుంది. పాలలోని ప్రొటీన్లు టీలోని వగరు పదార్థాలను పట్టేసుకుంటాయి. ఆ వగరే లేకపోతే డార్జిలింగ్‌లో మిగిలేది వేడి నీళ్లే.

ఇక పేరులోనే ఒక చిక్కు ఉంది. తెలుగునాట బ్లాక్ టీ అంటే పాలు కలపని టీ. టీ వ్యాపారంలో మాత్రం దాని అర్థం వేరు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలి రంగు మారేదాకా ఉంచి, ఆ తర్వాత ఆరబెట్టినదే బ్లాక్ టీ. గాలి తగలకముందే ఆవిరితోనో సెగతోనో ఆపేస్తే గ్రీన్ టీ. ఆ లెక్కన డార్జిలింగ్ బ్లాక్ టీయే. కానీ వసంతంలో వచ్చే మొదటి కోత పొడిని అరచేతిలో పోసుకుని చూస్తే సగం ఆకు పచ్చగానే ఉంటుంది. కారణం వాడబెట్టడంలో ఉంది. ఆ కాలంలో లేత ఆకును రాత్రంతా గాలి తొట్ల మీద పరిచి, అందులోని తేమ మూడింట రెండు వంతులు పోయేదాకా వాడబెడతారు. అంతగా ఎండిన ఆకులో రంగు మారే ప్రక్రియ నెమ్మదిస్తుంది. పూల వాసనలు మాత్రం నిలుస్తాయి. అందుకే ఆ టీ పేరుకు నలుపు, కప్పులో పసుపు.

ఈ ఆకు ఆ కొండది కాదన్నది మరో విశేషం. ఈస్టిండియా కంపెనీ కొలువులోని డాక్టర్ ఆర్కిబాల్డ్ క్యాంప్‌బెల్ 1841లో కుమావూ నుంచి తెప్పించిన విత్తనాలను డార్జిలింగ్‌లోని తన తోటలో నాటాడు. అవి చైనా మొక్కల సంతతి. చిన్న ఆకు, నెమ్మది ఎదుగుదల, చలిని ఓర్చుకునే గుణం వాటి లక్షణాలు. 1850లలో వ్యాపార తోటలు మొదలయ్యాయి. పనికి తూర్పు నేపాల్ నుంచి కుటుంబాలు కుటుంబాలే తరలివచ్చాయి. 1881లో చిన్న రైలు కొండెక్కింది. చైనాలో పుట్టిన మొక్క, బ్రిటిష్‌వాడి పెట్టుబడి, నేపాలీ చేతులు, ఆరేడు వందల మీటర్ల నుంచి రెండు వేల మీటర్ల దాకా లేచే వాలు, పగలు ఎండ, మధ్యాహ్నానికి కమ్ముకునే మంచు. ఇన్ని కలిస్తే తప్ప ఆ కప్పు రాలేదు. అదే మొక్కను మైదానంలో నాటితే ఆకు వస్తుంది, ఆ వాసన రాదు.

డార్జిలింగ్ టీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఏ నెలలో కోసిందన్నదాన్ని బట్టి దాని గుణం మారుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువారి పంచాంగం చక్కగా సరిపోతుంది. ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ నడిమి దాకా సాగే ఫస్ట్ ఫ్లష్ సరిగ్గా ఉగాది రోజుల టీ. చలికాలమంతా నిద్రపోయిన పొద మొదటి చిగురు వేస్తుంది. రెండాకులు, ఒక మొగ్గ. ఆ టీ నోట్లో పడగానే ముందు పచ్చి వాసన, ఆ వెనక పూల వాసన, చివర నాలుక అంచులను సన్నగా పట్టే వగరు. ఆ వగరును వర్ణించడానికి ఇంగ్లీషు టీ రుచికర్తలు నానా అవస్థలూ పడతారు. 'బ్రిస్క్' అంటారు, 'బ్రైట్' అంటారు. తెలుగువాడికి ఆ తంటా లేదు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క తగిలినప్పుడల్లా అతని నాలుక ఆ పని చేసిపెట్టింది. షడ్రుచుల్లో వగరుకు విడిగా పీట వేసిన భాష అతనిది. పాల టీకి అలవాటుపడి ఆ జ్ఞానాన్ని ఉసిరికాయకీ వక్కకీ పరిమితం చేసుకున్నాడు, అంతే.

మే, జూన్ నెలల్లో వచ్చేది సెకండ్ ఫ్లష్. ఇక్కడ రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగిలే వేళ అక్కడ ఆకు ముదురుతుంది, కప్పు రంగు రాగిలోకి తిరుగుతుంది. డార్జిలింగ్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన 'మస్కటెల్' గుణం ఈ కోతదే. మస్కట్ అనే ద్రాక్ష జాతి వాసనను పోలి ఉంటుందని ఆ పేరు. హైదరాబాద్ తోటల్లో ఒకప్పుడు వెలిగిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షను తలచుకుంటే ప్రయోజనం లేదు, అందులో ఈ పరిమళం దొరకదు. తమిళనాడు కంబం లోయలో పండే నల్లని పన్నీర్ ద్రాక్ష తిన్నవారికి మాత్రం వెంటనే తెలుస్తుంది. అది మస్కట్ జాతిదే. బాగా పండిన పండు, కాస్త తేనె, కాస్త చెక్క వాసన. గుటక దిగాక కూడా ముక్కు వెనక అది అలాగే నిలబడుతుంది.

ఈ పరిమళం వెనక ఉన్నది ఒక పురుగు. వేసవి మొదట్లో ఆకుపచ్చని చిన్న దీపపు పురుగులు లేత ఆకు రసం పీలుస్తాయి. ఆకు కుంగుతుంది, అంచులు పసుపెక్కుతాయి. తనను కాపాడుకోవడానికి మొక్క కొన్ని వాసన పదార్థాలను తయారుచేసుకుంటుంది. వాడబెట్టి, నలిపి, ఆరబెట్టేసరికి అవే మస్కటెల్‌గా మారతాయి. తైవాన్‌లో 'ఓరియంటల్ బ్యూటీ' అనే ఊలాంగ్ టీదీ ఇదే కథ. ఏ పంటకైనా పురుగు పడితే రైతు గుండె జారుతుంది. ఇక్కడ మాత్రం ఆ పురుగు కొరికిన ఆకుకే ఎక్కువ ధర.

వానాకాలపు టీ గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. ఆకు విపరీతంగా వస్తుంది, నీరు పట్టి ఉంటుంది, ఎక్కువగా టీ బ్యాగుల్లోకీ మిశ్రమాల్లోకీ పోతుంది. దసరా దాటాక వచ్చే ఆటమ్ ఫ్లష్ వేరు. రంగు ముదురు, వగరు తక్కువ, ఒక గుండ్రటి తీపి. పాల టీ నుంచి ఒక్కసారిగా ఫస్ట్ ఫ్లష్‌కు దూకి నిరాశపడేవారు అసలు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. చాలామంది అమ్మకందారులు ఖరీదైన వసంతపు టీనే ముందు చేతిలో పెడతారు. వ్యాపారానికి అది మంచిదేమో, కొత్తగా తాగేవారికి కాదు.

కోల్‌కతాలో 1861 నుంచి టీ వేలం జరుగుతోంది. వేలానికి ముందు రుచి చూసే గదిలో తెల్ల కప్పులు బారులు తీరి ఉంటాయి. ఒక్కో పాత్రలో రెండు గ్రాముల పైచిలుకు ఆకు, దాని మీద మరిగిన నీళ్లు, మూత, ఐదు నిమిషాలు. ఆ తర్వాత రుచికర్త మూడింటిని చూస్తాడు: పొడి ఆకు, నానిన ఆకు, కప్పులోని నీళ్లు. చెంచాతో తీసి పెద్ద శబ్దంతో జుర్రుతాడు. నోరంతా తిప్పి ఉమ్మేస్తాడు. తెలుగు ఇళ్లల్లో పిల్లాడు చారు అలా జుర్రితే నెత్తిన ఒక మొట్టికాయ పడుతుంది. ఇక్కడ అదే ఉద్యోగం. శబ్దం వెనక ఉన్న కిటుకు చిన్నదే. జుర్రినప్పుడు టీతోపాటు గాలి కూడా లోపలికి పోతుంది, వాసన నాలుక మీది నుంచి ముక్కు వెనక్కి ఎక్కుతుంది. తీపి, చేదు నాలుకకు తెలుస్తాయి. పువ్వునూ పండునూ పట్టేది ముక్కే. కాబట్టి ఇంట్లో ఎవరూ చూడనప్పుడు జుర్రడంలో తప్పు లేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి అన్నం వండటం కన్నా తేలిక, కానీ ఒక్క అడుగు తప్పినా టీ పాడవుతుంది. ముందు నీళ్లు. మరిగిస్తే గిన్నె అడుగున తెల్లని పొర కట్టే బోరు నీళ్లలో ఎంత గొప్ప డార్జిలింగ్ అయినా మసకబారుతుంది, పైన తెట్టు తేలుతుంది. కుళాయి నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడాలి. కప్పుకు ఒక చిన్న చెంచా ఆకు, అంటే రెండున్నర గ్రాములు. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, ఫస్ట్ ఫ్లష్ అయితే ఒకటి రెండు నిమిషాలు ఆగి పోయాలి. సెకండ్ ఫ్లష్ కాస్త వేడి ఎక్కువైనా ఓర్చుకుంటుంది. మూత పెట్టాలి. మూత పెట్టకపోతే డబ్బులిచ్చి కొన్న వాసన వంటింటి కిటికీలోంచి పోతుంది. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత వడపోసెయ్యాలి. పొయ్యి మీద మరిగిస్తే మాత్రం కషాయమే. అమ్మమ్మలు జలుబుకు ఇచ్చేది అంతకన్నా రుచిగా ఉంటుంది.

తాగడంలోనూ ఒక అలవాటు మార్చుకోవాలి. పొగలు కక్కే టీని ఊదుకుంటూ, సాసర్లో పోసుకుని గబగబా తాగేయడం తెలుగువారికి సరదా. డార్జిలింగ్ కాస్త చల్లారాకే నోరు విప్పుతుంది. మొదటి గుటకలో వేడి, మూడో గుటకలో పువ్వు, గోరువెచ్చగా అయ్యాక పండు. చివరి గుక్కే బాగుంటుంది. అదే ఆకు మీద మరోసారి నీళ్లు పోస్తే పలుచగానైనా ఇంకో కప్పు వస్తుంది. డబ్బా విషయంలో ఒక జాగ్రత్త. టీ ఆకు ఏ వాసననైనా లాగేసుకుంటుంది. ఇంగువ సీసా పక్కన, గరం మసాలా పొట్లాల నడుమ పెడితే వారం తిరక్కముందే మస్కటెల్ కాస్తా సాంబారవుతుంది.

ఇంత చేసి తాగడం గొప్పవాళ్ల సరదా కాదా అన్న ప్రశ్న సహజం. పొట్లం మీద అక్షరాల వరస కూడా అలాగే భయపెడుతుంది: ఎఫ్.టి.జి.ఎఫ్.ఒ.పి. అది ఆకు గ్రేడును చెప్పే గుర్తు. ఆ పొడి అక్షరాలకు టీ వ్యాపారులు చెప్పుకునే చమత్కారపు అర్థం 'ఫార్ టూ గుడ్ ఫర్ ఆర్డినరీ పీపుల్'. అంటే మామూలు జనానికి మరీ ఎక్కువని. చాలాకాలం ఈ జోక్‌ను నిజంలాగే నడిపించారు. మంచి ఆకు జర్మనీకో జపాన్‌కో వెళ్లేది. దేశంలో మిగిలినదే దేశస్థుడికి. కానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరు. కిలో 4,000 రూపాయల టీ అనుకుందాం. కిలోకు 400 కప్పులు. కప్పు పది రూపాయలు. ఇరానీ హోటల్లో చాయ్ ఇప్పుడు అంతకు రాదు.

ఆ లెక్కను రెండో వైపు నుంచి వేస్తే మాత్రం గొంతు దిగదు. అదే టీ వంద గ్రాముల పొట్లం 400 రూపాయలు. బెంగాల్ తేయాకు తోటల్లో రోజు కూలీని 2023లో 232 రూపాయల నుంచి 250కి పెంచారు. వెన్ను మీద బుట్ట, నిట్టనిలువు వాలు, గోటితో గిల్లినంత నాజూకుగా కోత. ఆ పని చేసేది ఎక్కువగా స్త్రీలు. కిలో టీ తయారవడానికి నాలుగైదు కిలోల పచ్చి ఆకు కావాలి. తాను కోసిన ఆకు పొట్లంగా మారి అంగట్లోకి వస్తే, ఒక రోజు కూలీతో ఆమె వంద గ్రాములు కొనలేదు. కొండ మీది నేపాలీ ఇళ్లల్లో పాలు కలపని టీని 'ఫీకా చియా' అంటారు. అందులో ఉప్పు వేసుకునేవారూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఫీకా అంటే చప్పన. కప్పులో పూలూ పండ్లూ వెతుక్కునేవారు ఆ మాటను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

తోటల యజమానులు చెప్పేది ఇంకో కథ. చాలా పొదలు బ్రిటిష్ కాలంలో నాటినవి, వందేళ్లు దాటాయి, దిగుబడి పడిపోయింది. ఒకప్పుడు ఏడాదికి కోటి కిలోలు దాటిన డార్జిలింగ్ ఉత్పత్తి 2024లో 60 లక్షల కిలోలకు లోపే. 2017లో గోర్ఖాలాండ్ ఉద్యమం నడిచిన 104 రోజుల బంద్ జూన్‌లో మొదలైంది. అంటే సెకండ్ ఫ్లష్ నడుస్తుండగానే. మస్కటెల్ ఆకు పొదల మీదే ముదిరిపోయింది. మోకాలెత్తు పొదలు మనిషెత్తు పెరిగి, నడుమ కలుపు అల్లుకుంది. ఆ ఏడాది డార్జిలింగ్ దొరకని విదేశీ కొనుగోలుదారులు సరిహద్దుకు అవతల నేపాల్‌లోని ఇలాం వైపు చూశారు. అక్కడి ఆకూ అదే జాతి, కొండా దాదాపు అదే కొండ, ధర తక్కువ. అటు వెళ్లినవారు అందరూ తిరిగి రాలేదు.

నేపాల్ టీ చెడ్డదేం కాదు. కొన్ని తోటల టీ డార్జిలింగ్‌తో సమానంగా నిలబడుతుంది. చిక్కల్లా దాన్ని డార్జిలింగ్ పేరుతో అమ్మడంలోనే. దేశంలో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, మొట్టమొదట దక్కింది డార్జిలింగ్ టీకే, 2004లో. తిరుపతి లడ్డూకు 2009లో, బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన ముద్ర అదే. దాని ప్రకారం నిర్ణీతమైన 87 తోటల ఆకుకే ఆ పేరు చెల్లుతుంది. గుండ్రని చట్రంలో చేతిలో ఆకు పట్టుకున్న స్త్రీ పక్కవాటు బొమ్మ టీ బోర్డు గుర్తు. 1983 నుంచి ఉంది. కొనేటప్పుడు ఆ బొమ్మ, తోట పేరు, ఫ్లష్, కోసిన ఏడాది పొట్లం మీద ఉన్నాయా అని చూడాలి. ఉత్త 'డార్జిలింగ్' అని మాత్రమే ఉండి ధర మరీ చవగ్గా ఉంటే, అది ఏ కొండది అయినా కావచ్చు.

తోటల పేర్లు ఒక్కసారి అలవాటైతే వాటికీ అభిమానులు తయారవుతారు. కర్సియాంగ్ దగ్గరి కాసిల్టన్ సెకండ్ ఫ్లష్ కోసం కాచుకుని కూర్చునేవారున్నారు. జంగ్‌పనా అంటే పడిచచ్చేవారున్నారు. మామిడిపండ్ల బుట్ట ముందు బంగినపల్లా, చిన్నరసమా అని గంటసేపు వాదించుకోగల తెలుగు ఇంట్లో ఈ గొడవ కూడా ఇముడుతుంది. పైగా నాణ్యమైన ఆకును నేరుగా వంద గ్రాముల పొట్లాల్లో ఇంటికి పంపే అమ్మకందారులు ఇప్పుడున్నారు. ఎగుమతి మిగులు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇక మిగిలింది ఆకు రావడం. డిసెంబరులో తోటల్లో పొదల కొమ్మలు కత్తిరిస్తారు. జనవరి అంతా కొండ మోడుగా ఉంటుంది. ఫిబ్రవరిలో ఒకటి రెండు మంచి వానలు పడితేనే మొదటి చిగురు వేళకు వస్తుంది. ఆ చలికాలపు వాన కొన్నేళ్లుగా నమ్మకంగా పడటం లేదు. పడాల్సినప్పుడు పడక, పడితే కొండచరియలు విరిగేలా పడుతోంది. 2025 అక్టోబరు మొదట్లో మిరిక్ వైపు అలాగే పడి ప్రాణాలు తీసింది. ఉగాదికి ఇక్కడ మామిడి పూత నిలిచిందా, రాలిందా అని చూసే రోజుల్లో అక్కడి ఫ్యాక్టరీల్లో వాడబెట్టే తొట్లు కడిగి సిద్ధంగా పెడతారు. ఎన్ని నిండుతాయన్నది మార్చి వస్తే గానీ తెలియదు.